భాగాలు పోయిన పాత ఫిల్మ్ కెమెరాలు: సంత్రాగాఛి పరిసరాల్లో మరమ్మతు

ఫిల్మ్ కెమెరా మరమ్మతు రెండు రకాలు. భాగం చెడితే దాన్ని శుభ్రం చేసి సరిపెట్టడం ఒకటి. భాగమే లేకపోతే వెతికి తేవడమో, కొత్తగా చేయించడమో రెండోది. ఈ వ్యాసం రెండో దాని గురించి. సుమారు 1930 నుంచి 1985 దాకా తయారైన కెమెరాలకు ఈ పని ఎక్కువగా పడుతుంది, ఎందుకంటే వాటిని చేసిన కంపెనీల్లో చాలావరకు మూతపడ్డాయి, మిగిలినవి విడిభాగాలు ఇవ్వడం ఎప్పుడో మానేశాయి.

హుగ్లీ నదికి పడమట, హౌరా నగరంలో కలిసిపోయిన సంత్రాగాఛిలో కెమెరాల బజారేమీ లేదు. ఈ పనికి సంబంధించినంతవరకు దాని విశేషమంతా అది ఉన్న చోటులోనే ఉంది. కోనా ఎక్స్‌ప్రెస్‌వే పట్టుకుని, 1992లో తెరిచిన విద్యాసాగర్ సేతు దాటితే ఎస్ప్లనేడ్. అక్కడ మెట్రో సినిమా పక్క సందు, అందరూ మెట్రో గలీ అనే చోటు, కోల్‌కతాలో కెమెరాలు కొనడానికీ అమ్మడానికీ బాగుచేయించుకోవడానికీ పాత అడ్డా. హౌరా వైపు లోకల్ ఎక్కితే రామరాజాతల తరువాత దాస్‌నగర్. అక్కడి నుంచి బెలీలియస్ రోడ్డు దాకా లేతులు తిరిగే చిన్న చిన్న ఇంజినీరింగ్ షెడ్లు. పోయిన భాగం దొరికితే మొదటి చోట దొరకాలి, లేకపోతే రెండో చోట తయారవ్వాలి.

తెలుగువారికి సంత్రాగాఛి పేరు ఎక్కువగా రైలు టిక్కెట్టు మీద పరిచయం. విశాఖ మీదుగా చెన్నైకి, తిరుపతికి వెళ్లే కొన్ని బళ్లు ఇక్కడి నుంచే బయలుదేరతాయి. 2003 ఏప్రిల్ 1న తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజన్ కూడా సంత్రాగాఛి ఉన్న ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది. స్టేషనుకు ఆనుకుని ఉన్న ఝీల్ అనే చెరువుకు చలికాలంలో ఈల బాతులు గుంపులుగా దిగుతాయి. వాటి వెంటే కెమెరాలు వస్తాయి. ఇప్పుడు వచ్చేవి దాదాపు అన్నీ డిజిటల్. సోవియట్ యూనియన్‌లో ఇలాంటి పని కోసమే చేసిన ఫొటోస్నైపర్ అని ఒకటుంది: జెనిట్ కెమెరాకు 300 మి.మీ. తైర్ లెన్సు బిగించి, తుపాకీ మడమ లాంటి చట్రం మీద కూర్చోబెట్టి, ట్రిగ్గరు నొక్కితే షట్టరు పడేలా చేసిన పరికరం. ట్రిగ్గరుకూ షట్టరు మీటకూ మధ్య ఉండే చిన్న కడ్డీ పోయిందంటే ఆ సరంజామా అంతా మోత బరువే.

పనిముట్లు బాగుచేసిన నగరం

డాగెరోటైప్ సంగతి 1839 ఆగస్టులో పారిస్‌లో లోకానికి వెల్లడైంది. 1840 నాటికే ఆ కెమెరాల అమ్మకం ప్రకటనలు కలకత్తా పత్రికల్లో కనిపించాయి. 1856లో బెంగాల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియో 1991 అగ్నిప్రమాదాన్ని కూడా తట్టుకుని నడిచి 2016లో తలుపులు మూసింది. ఇవి ఫొటోల చరిత్రలో అందరూ చెప్పే మాటలే. కెమెరా బాగుచేసేవారికి వీటికంటే దగ్గరి పూర్వీకులు వేరే ఉన్నారు.

భూమి కొలతల కోసం ఇంగ్లండు నుంచి తెచ్చిన థియోడొలైట్లు, దిక్సూచులు, దూరదర్శినులు ఇక్కడి ఎండకూ వానకూ పాడయ్యేవి. ఓడలో వెనక్కి పంపితే తిరిగి రావడానికి నెలలు పట్టేది. అందుకని 1830లో కలకత్తాలో మ్యాథమేటికల్ ఇన్‌స్ట్రుమెంట్ ఆఫీసు పెట్టారు. అందులో పేరు తెచ్చుకున్నవాడు ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్. మద్రాసులో నగల దుకాణంలో పనిచేసే ఆయనను సర్వేయర్ జనరల్ బ్లాకర్ కలకత్తా తెచ్చాడు. తరువాతి కాలపు సర్వేయర్ జనరల్ జార్జి ఎవరెస్ట్ ఆయన చేతి పని మీద ఎంతగానో ఆధారపడ్డాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన పరికరాల నిర్మాత బారో వెళ్లిపోయాక ఆ పదవి మొహసిన్ హుసేన్‌కే దక్కింది. తయారీదారు వేల మైళ్ల దూరంలో ఉండగా, నమూనా పటం లేకుండా, పరికరం చేసే పనిని బట్టి దాని భాగాన్ని ఊహించి చేయడం ఆయన విద్య. పాత కెమెరా బాగుచేసేవారు ఈనాటికీ చేసేది అదే.

ఆ ఆఫీసే కాలక్రమంలో యాదవపూర్‌లోని నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అయింది. అక్కడ నేషనల్ 35 అనే 35 మి.మీ. కెమెరా తయారైంది. దేశంలో ఇంకొన్ని చోట్ల కూడా కెమెరాలు చేశారు. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ అగ్ఫా క్లిక్ III చేసింది. మన ఇళ్ల ఆల్బమ్‌లలో చదరపు నలుపు తెలుపు ఫొటోలు చాలావరకు దాని చలవే. కేరళలోని అలెప్పీలో కరుణాకరన్ చేసిన వాగేశ్వరి కెమెరా కథ మన విషయానికి మరీ దగ్గర. వాళ్లది సంగీత వాద్యాలు చేసే, బాగుచేసే ఇల్లు. ఒక స్టూడియో యజమాని కెమెరా తిత్తి చిరిగిపోతే బాగుచేయమని తెచ్చాడు. హార్మోనియం తిత్తులు తెలిసిన చేతులకు అది కొత్త పని కాదు. తిత్తి కుదిరాక మొత్తం కెమెరానే ఎందుకు చేయకూడదని 1940లలో మొదలుపెట్టిన చెక్క కెమెరా దశాబ్దాల పాటు దేశమంతా స్టూడియోలలో నిలబడింది. పోయిన ఒక్క భాగంలోంచి పూర్తి కెమెరా పుట్టిన సందర్భం మన దేశంలో ఇంతకంటే మంచిది చూపించడం కష్టం.

హౌరా సంగతికొస్తే, దాన్ని తూర్పు దేశపు షెఫీల్డ్ అనేవారు. దాస్‌నగర్‌కు ఆ పేరు యంత్రాల తయారీదారు ఆలామోహన్ దాస్ వల్ల వచ్చింది. పెద్ద కార్ఖానాలు చాలావరకు వాడిపోయినా, ఒక లేతు, ఒక డ్రిల్లు, ఒక బెంచి వైసు పెట్టుకుని బతికే షెడ్లు మిగిలాయి. ఒక్క ముక్క కోసం కూడా యంత్రం తిప్పడం ఇలాంటి షెడ్ల లక్షణం. మన హైదరాబాద్ బాలానగర్‌లోనూ విజయవాడ ఆటోనగర్‌లోనూ ఇదే తీరు.

ఏది పోయిందో తేల్చుకోవడం

భాగం పోయిన కెమెరా చేతికి రాగానే వేయవలసిన ప్రశ్న "దీని అసలు భాగం ఎలా ఉండేది" అన్నది కాదు. "ఇది ఏ పని చేసేది" అన్నది. కెమెరాలో ప్రతి భాగమూ వెలుతురును ఆపడం, దూరాన్ని నిలపడం, కాలాన్ని కొలవడం, కదలికను అందించడం, లేదా కేవలం కంటికి ఇంపుగా ఉండడం, వీటిలో ఏదో ఒకటి చేస్తుంది. చివరి రకం పోతే నష్టం లేదు. తోలు అతుకు, పేరు రేకు, స్ట్రాపు కొక్కెం తరువాత చూసుకోవచ్చు. కదలికను అందించే మీటలు, గుబ్బలు కొంచెం అటూ ఇటూ అయినా పనిచేస్తాయి. దూరాన్ని, కాలాన్ని పట్టుకునే భాగాలు మాత్రం వెంట్రుక వాసి తేడాను కూడా ఒప్పుకోవు.

ఉదాహరణకు జోర్కీ, ఫెడ్ కెమెరాలు. లైకాను చూసి సోవియట్ యూనియన్‌లో చేసిన ఇవి మన దేశంలో ఇప్పటికీ తక్కువ ధరకు దొరుకుతాయి. కింది మూత తీసి ఫిల్మ్ వేసే రకాల్లో ఫిల్మును చుట్టుకునే స్పూలు విడిగా ఊడి వస్తుంది, అందుకే అది పోతుంది. స్పూలు పోయిందని కెమెరాను అటక మీద పడేసినవారు చాలామంది. నిజానికి చేయించడానికి ఇంతకంటే తేలికైన భాగం లేదు. ఈ కెమెరాల్లో ఎంత ఫిల్ము జరగాలో నిర్ణయించేది పళ్ల చక్రం. స్పూలు జరిగిన ఫిల్మును జారుడు పట్టుతో చుట్టుకుంటుంది అంతే. కాబట్టి స్పూలు నడిమి మందం అర మి.మీ. అటూ ఇటూ అయినా ఫ్రేముల మధ్య ఎడం మారదు. రెండు అంచుల మధ్య 35 మి.మీ. ఫిల్ము రాసుకోకుండా కూర్చోవాలి, లోపలి కడ్డీ మీద మరీ బిగువుగానూ మరీ వదులుగానూ ఉండకూడదు. బిగువైతే పళ్ల రంధ్రాలు చిరుగుతాయి, వదులైతే ఫిల్ము ఉబ్బి మూతకు తగులుతుంది. ఇత్తడి, అల్యూమినియం, నల్ల నైలాను కడ్డీ, దేనితోనైనా టర్నరు చేయగలడు. పళ్ల చక్రం లేకుండా, చుట్టు మందాన్ని బట్టే లెక్క కట్టే కొన్ని 120 ఫిల్మ్ కెమెరాల్లో మాత్రం అదే అర మి.మీ. ప్రాణం తీస్తుంది.

620 ఫిల్మ్ కెమెరాల ఇబ్బంది ఇంకో తీరు. అందులో పోయేది కెమెరా భాగం కాదు, ఖాళీ స్పూలు. కొడాక్ 1930ల మొదట్లో తెచ్చి 1995లో ఆపేసిన ఆ ఫిల్మూ 120 ఫిల్మూ వెడల్పులో ఒకటే, వెనక కాగితమూ ఒకటే. స్పూలు సన్నం, అంతే. 620 స్పూళ్లు రెండు సంపాదిస్తే, చీకట్లో 120 ఫిల్మును వాటి మీదికి చుట్టుకుని వాడుకోవచ్చు. పాత స్టూడియో సామాన్లు కొన్నప్పుడు కెమెరా కంటే ముందు లోపల స్పూలు ఉందో లేదో చూడాలి.

కనబడని వాషరు

ఊడిపోయిన మీట, విరిగిన రివైండ్ పిడి అందరికీ కనిపిస్తాయి. నా అభిప్రాయంలో కెమెరాను నిజంగా పాడుచేసేవి ఎవరూ వెతకని భాగాలు. వాటిలో మొదటిది లెన్సు పట్టు కింద ఉండే పలుచని రేకు వాషర్లు, మరమ్మతువాళ్ల మాటలో షిమ్‌లు. ఫ్యాక్టరీలో ఒక్కో కెమెరాను కొలిచి ఒక్కోదానికి వేరువేరు మందంలో వేసేవారు. ఎవరో ఎప్పుడో విప్పి, బిగించేటప్పుడు ఒకటి తక్కువ వేశారనుకోండి: కెమెరా చక్కగా పనిచేస్తుంది, షట్టరు పడుతుంది, ఫొటో మాత్రం కొంచెం మసకగా వస్తుంది. నింద లెన్సు మీద పడుతుంది.

లెన్సు పట్టు అంచు నుంచి ఫిల్ము దాకా దూరం లైకా మరల రకానికి 28.8 మి.మీ., ఎం42 రకానికి 45.46 మి.మీ., నికాన్ ఎఫ్‌కు 46.5 మి.మీ. లెన్సును ఎఫ్/2 దగ్గర తెరిచి పెడితే, 35 మి.మీ. ఫిల్ము మీద మామూలుగా ఒప్పుకునే 0.03 మి.మీ. మసక లెక్కన, ఈ దూరంలో తేడా 0.06 మి.మీ. దాటకూడదు. కాగితం మందం కంటే తక్కువ. ఎఫ్/8 దగ్గర తీసే మనిషికి ఇది ఎప్పటికీ తెలియకపోవచ్చు. సాయంత్రం వెలుగులో లెన్సు పూర్తిగా తెరవగానే బయటపడుతుంది.

పరీక్ష ఇంట్లో చేయగలిగినదే. వెనక తలుపు తెరిచి, ఫిల్ము నడిచే పట్టాల మీద పలుచని పాలరంగు టేపు బిగువుగా అంటించి, షట్టరును బి మీద తెరిచి ఉంచి, లెన్సును అనంతం మీద పెట్టి భూతద్దంతో చూడాలి. ఎదురుగా ఏం చూస్తున్నామన్నది ముఖ్యం. 50 మి.మీ. లెన్సుకు 50 మీటర్ల దూరంలోని కొబ్బరిచెట్టును అనంతం అనుకుంటే 0.05 మి.మీ. తప్పు అక్కడే దొర్లిపోతుంది, అంటే ఒప్పుకున్న తేడా దాదాపు అంతా చెట్టుకే ఖర్చయిపోతుంది. 300 మీటర్ల దూరానికి ఆ తప్పు 0.008 మి.మీ.కు పడిపోతుంది. సంత్రాగాఛి మేడల మీంచి రైల్వే యార్డు చివరి దీపస్తంభాలు, కరెంటు తీగల టవర్లు ఇందుకు బాగా పనికొస్తాయి. బొమ్మ స్పష్టంగా రాకపోతే పలుచని ఇత్తడి రేకు కత్తిరించి వాషరు వేయాలి, మళ్లీ చూడాలి. అద్దం ఉన్న రిఫ్లెక్స్ కెమెరాలో ఫిల్ము దూరం కుదిరాక వ్యూఫైండర్ తెరను దానికి సరిపెట్టాలి. ముందు తెరను సరిచేస్తే చూసేది ఒకటి, ఫిల్ము మీద పడేది ఇంకొకటి అవుతుంది.

రోలీఫ్లెక్స్, యాషికా మ్యాట్ వంటి రెండు లెన్సుల కెమెరాల్లో గరుకు గాజు పోతే, మామూలు గాజు ముక్క మీద నీళ్లూ సిలికాన్ కార్బైడ్ పొడీ వేసి ఇంకో గాజుతో రుద్ది చేసుకోవచ్చు. గరుకు ముఖం లెన్సు వైపే ఉండాలి. తిరగేసి పెడితే గాజు మందం వల్ల ఫోకసు తప్పుతుంది. లోపలి అద్దం పగిలితే పూత ముందువైపు ఉన్న అద్దమే వేయాలి. ఇంటి అద్దం ముక్క వేస్తే బొమ్మ రెండుగా కనిపిస్తుంది. మెట్రో గలీలోనైనా కోఠీ గుజరాతీ గల్లీలోనైనా ఇలా ఇంటి అద్దం వేసిన కెమెరా ఎదురవ్వచ్చు, కొనేముందు చూసుకోవాలి.

కాలం, వెలుతురు

గుడ్డ తెరల షట్టరులో రెండు తెరలు ఒకదాని వెనక ఒకటి పరుగెత్తుతాయి. వాటి మధ్య సందు ఎంతుంటే ఫిల్ముకు అంత వెలుతురు. 36 మి.మీ. ఫ్రేమును తెర సుమారు 20 మిల్లీసెకన్లలో దాటే కెమెరాలో 1/500 సెకనుకు సందు వెడల్పు 3.6 మి.మీ. కొత్త తెర అతికించేటప్పుడు 1 మి.మీ. పక్కకు పోతే ఆ వేగంలో వెలుతురు నాలుగో వంతుకు పైగా మారిపోతుంది. 1/30 దగ్గర ఆ తప్పు తెలియనే తెలియదు. తెర పోయినప్పుడు పాతదాని పీలికనైనా పారేయకుండా కొలతకు దాచుకోవాలన్నది అందుకే. జెనిట్ ఇ వంటివి 30 లక్షలకు పైగా తయారయ్యాయి కనుక, వాటి తెర కోసం శ్రమపడడం కంటే ఇంకో చచ్చిన జెనిట్ కొనడం చవక.

కంపూర్, ప్రాంటర్ వంటి ఆకు షట్టర్లలో పోయేది తరచుగా ఒక వెంట్రుక స్ప్రింగు. కొలిమి దగ్గర కొత్తది చేయడం కంటే అదే కంపెనీ చవక కెమెరా నుంచి తీసుకోవడమే తెలివి. ఈ షట్టర్ల ఆకులకు నూనె పట్టకూడదు. ఒకప్పుడు కడగడానికి కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడేవారు. ఓజోన్ పొరకు హాని అని మన దేశంలో 2010 నాటికి దాని వాడకం ఆపించారు. ఇప్పుడు వైట్ పెట్రోలు, ఐసోప్రొపైల్ ఆల్కహాలు వాడుతున్నారు.

వెలుతురు ఆపే భాగాల్లో మొదట పోయేది తలుపు గాడిలో ఉండే నురుగు పట్టీ. బెంగాల్ వానాకాలపు తేమకు అది జిగట బంకయి, కొన్నేళ్లకు పూర్తిగా రాలిపోతుంది. నల్ల ఉన్ని దారం గాడిలో కూర్చోబెడితే దానికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. తిత్తులు చేయడం వేరే విద్య. నల్ల గుడ్డ, మధ్యలో మడతలకు తగ్గట్టు కత్తిరించిన కాగితపు పట్టీలు, పైన పలుచని తోలు. మూలల్లో మడత కుదిరితే మిగతాదంతా కుదురుతుంది. చిన్న బల్బు లోపల పెట్టి చీకటి గదిలో చూస్తే రంధ్రాలు తెలిసిపోతాయి. తేమకే పుట్టే ఇంకో శత్రువు లెన్సు బూజు. గాజు పూతను తినేసిన బూజుకు మరమ్మతు లేదు. కొత్తగా పట్టినదైతే తుడిస్తే పోతుంది.

మీటర్ల విషయం తొందరగా ముగించవచ్చు. పాత కెమెరాల్లో ఉండే 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ ఇప్పుడు దొరకదు. 1.5 వోల్టులది వేస్తే మీటరు తప్పు చెబుతుంది. వినికిడి యంత్రాల 1.4 వోల్టుల జింక్-ఎయిర్ బ్యాటరీకి చిన్న ఉంగరం తొడిగి వేయడం మంచి ఉపాయం. యాషికా ఎలక్ట్రో 35 పాత బ్యాటరీ 5.6 వోల్టులది, దాని బదులు 6 వోల్టులది వేసినా ఆ కెమెరా సర్దుకుపోతుంది. సెలీనియం పలక చచ్చిపోతే దాన్ని అలాగే వదిలేసి, ఎండలో ఎఫ్/16, ఫిల్ము వేగమే షట్టరు వేగం అన్న పాత సూత్రంతో పనిచేసుకోవచ్చు. చిప్పు కాలిపోయిన ఎలక్ట్రానిక్ కెమెరాకు మాత్రం అదే మోడలు ఇంకొకటి బలివ్వడం తప్ప దారి లేదు.

లేతు ముందు

టర్నరు దగ్గరికి వెళ్లేటప్పుడు నోటిమాట చాలదు. పోయిన భాగం కూర్చునే రంధ్రం కొలత, లోతు, మర పట్టు, ఏ వైపు తిరిగితే బిగుస్తుందో కాగితం మీద గీసి ఇవ్వాలి. మరలు పెద్ద తిప్పలు. జపాన్ కెమెరాల్లో 1.4, 1.7, 2 మి.మీ. మెట్రిక్ స్క్రూలు వస్తాయి. లైకా లెన్సు మర మెట్రిక్, అంగుళాల లెక్కల కలగలుపు: 39 మి.మీ. వ్యాసం, అంగుళానికి 26 చుట్లు. సోవియట్ వాళ్లు అదే వ్యాసానికి 1 మి.మీ. చుట్టు వేసిన రకమూ ఉంది. రెండూ ఒకదానిలో ఒకటి కాస్త దూరం ఎక్కి పట్టేస్తాయి, బలం పెడితే రెండూ పాడవుతాయి. ఫిల్ము తిప్పే మీట మీద కొన్ని కంపెనీలు ఎడమ మర వాడాయి. మామూలు మర అనుకుని తిప్పినవాళ్ల వల్లే ఆ స్క్రూలు విరిగి, పోయిన భాగాల జాబితాలో చేరాయి.

త్రీడీ ముద్రణ యంత్రాలు వచ్చాక గుబ్బలు, మూతలు, స్పూళ్లు ప్లాస్టిక్‌తో చేసుకోవడం తేలికైంది. కానీ సాధారణంగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారు లోపల అంత వేడి అసాధ్యమేమీ కాదు. పైగా పలుచని గోడలోంచి వెలుతురు తొంగిచూస్తుంది. దూరాన్ని నిలిపే భాగాలకు దీన్ని నమ్మకూడదు.

రెండు చచ్చిన కెమెరాలతో ఒకటి బతికించడం తప్పు కాదు, దాచడం తప్పు. జోర్కీలకు లైకా పేరు చెక్కి అమ్మిన నకిలీలు ప్రపంచమంతా ఉన్నాయి. అసలు లైకాకు సోవియట్ భాగం పెట్టి చెప్పకపోవడం కూడా అలాంటిదే. మ్యూజియంలు పాటించే పద్ధతి ఇక్కడా మంచిది: వేసిన కొత్త భాగాన్ని అవసరమైతే మళ్లీ తీసేయగలిగేలా వేయాలి, ఏ భాగం ఏ నంబరు కెమెరాది, ఎప్పుడు వేశారో చీటీ రాసి తోలు సంచిలో పెట్టాలి.

కెమెరా అప్పగించేముందు ఒక నలుపు తెలుపు రీలు పెట్టి చూడడం తప్పదు. ప్రతి షట్టరు వేగానికీ ఎక్స్‌పోజరు సమానంగా సరిపెట్టి ఒకే గోడను ఒక్కో ఫ్రేము, దూరపు స్తంభాన్ని లెన్సు పూర్తిగా తెరిచి ఒకటి, మీటరు దూరంలో అచ్చు కాగితాన్ని ఒకటి, లెన్సు మూత పెట్టి ఎండలో అయిదు నిమిషాలు ఉంచి ఒకటి. కడిగిన నెగటివ్‌లో గోడ ఫ్రేములన్నీ ఒకే చిక్కదనంతో రావాలి. ఒక వైపు చిక్కగా, ఇంకో వైపు పలుచగా వస్తే తెరల వేగం సరిపడలేదని అర్థం. మూత పెట్టిన ఫ్రేము మీద నల్లటి చార కనిపిస్తే గాడి దారం మళ్లీ వేయాలి.